సర్క్లిప్ ప్లయర్ ఏది కొనాలి? సెట్లో వచ్చిన టిప్పులు రెండోసారికే పోయాయి

నూనెచేతులు
అందరికీ నమస్తే. నా ఉద్యోగం వేరే, కానీ ఖాళీ దొరికితే షెడ్డులో కూర్చుని బైకులు, నీళ్ల మోటార్లు, చిన్న గేర్‌బాక్సులు విప్పుతుంటా. పోయిన వారం ఒక మోటారుకి బేరింగ్ మార్చాల్సొచ్చింది. బేరింగ్ ముందు లోపలి సర్క్లిప్ ఉంది, అదే గాడిలో కూర్చుని బేరింగ్‌ని జారకుండా ఆపే స్ప్రింగు రింగు, దాని రెండు కొసల చెవుల్లో చిన్న రంధ్రాలుంటాయి. నా దగ్గరేమో ఒక హ్యాండిలూ నాలుగు తలకాయలూ వచ్చే సెట్ ఉంది, ఏది కావాలంటే ఆ తలకాయ తగిలించుకుని వాడుకునేది. టిప్పులు రెండూ రంధ్రాల్లో పెట్టి నొక్కితే రింగు కదల్లేదు, టిప్పులే బయటికి విచ్చుకున్నాయి. వాటిని తిన్నగా చేసి మళ్లీ నొక్కా, ఈసారి ఒకటి పుటుక్కున విరిగి ఆ ముక్క చెంప పక్క నుంచి వెళ్లి రేకుకి తగిలింది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

ఇప్పుడు కొత్తది కొనాలి. రోజూ వాడను, నెలకి మూడు నాలుగు సార్లు. గట్టిగా ఉండాలి, అలాగని ఖరీదుకి భయపడేలా ఉండకూడదు. పెద్ద సెట్ తీసుకోవాలా, విడివిడిగా కొనాలా? వాడేవాళ్లు చెప్పండి.

బేరింగ్‌బాబాయ్
ముందు కళ్లద్దాలు కొనుక్కో తమ్ముడూ, ప్లయర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. చెంప పక్క నుంచి పోయింది కాబట్టి ఇవాళ ఇక్కడ రాస్తున్నావు.

ఇక అసలు విషయం. సర్క్లిప్ ప్లయర్‌లో పోయేది ఎప్పుడూ టిప్పే. హ్యాండిల్ అరిగిపోయిందని సర్క్లిప్ ప్లయర్ పారేసినవాణ్ని ఇన్నేళ్లలో ఒక్కణ్ని కూడా చూడలేదు నేను. కాబట్టి హ్యాండిల్ మీద రబ్బరు ఎంత మెత్తగా ఉంది, పెట్టె ఎంత అందంగా ఉంది అని చూడకుండా ఆ టిప్పు దేంతో చేశారు, దవడలోకి ఎలా దిగింది, దాని మందం ఎంత, ఈ మూడూ చూసుకో. నీ సెట్లో హ్యాండిల్ ఒకటి, తలకాయ వేరు, ఆ రెంటి మధ్య జాయింటు ఒకటి. నువ్వు నొక్కిన బలంలో కొంత ఆ జాయింటు లూజులోనే పోతుంది, మిగిలింది టిప్పుని పక్కకి మెలితిప్పుతుంది. టిప్పు తిన్నగా లాగితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది గానీ మెలిపెడితే ఓర్చుకోదు.

నా మాట వింటే సెట్లు వద్దు. లోపలిదానికి ఒకటి, బయటిదానికి ఒకటి, రెండే రెండు, ఫిక్స్‌డ్ టిప్పులవి, మంచివి కొనుక్కో. ముందు చెప్పు, ఆ సర్క్లిప్ ఏ సైజు?

పాతసైకిల్
బాబాయ్ గారూ మధ్యలో వస్తున్నా, లోపలిది బయటిది అంటే నాకు ఎప్పుడూ తికమకే. నొక్కితే మూసుకునేది దేనికి?

బేరింగ్‌బాబాయ్
రింగు రంధ్రం లోపల ఉంటే అది లోపలి సర్క్లిప్, దాన్ని తీయాలంటే చిన్నది చెయ్యాలి, కాబట్టి హ్యాండిల్ నొక్కితే టిప్పులు దగ్గరికి రావాలి, మామూలు ప్లయర్ లాగే. రింగు షాఫ్ట్ మీద ఉంటే బయటి సర్క్లిప్, దాన్ని పెద్దది చెయ్యాలి, అప్పుడు నొక్కితే టిప్పులు విచ్చుకోవాలి. కొట్లో చేతిలోకి తీసుకుని ఒకసారి నొక్కి చూస్తే చాలు, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

టూల్‌పెట్టె
బాబాయ్ మాటకి అడ్డం చెప్తున్నా అనుకోకండి గానీ సెట్లన్నీ పనికిరావు అంటే నేను ఒప్పుకోను. తలకాయలు మార్చేవి వేరు, పివట్ (దవడలు తిరిగే ఇరుసు) మార్చేవి వేరు. నా దగ్గరున్నది రెండో రకం, మధ్యలో స్క్రూ తీసి ఒక దవడని పక్క రంధ్రంలోకి మారిస్తే లోపలిది కాస్తా బయటిది అవుతుంది, టిప్పులు కూడా సన్నవి లావువి మార్చుకోవచ్చు. దాంతో 8 ఏళ్లుగా నెట్టుకొస్తున్నా, ఒక్క టిప్పు కూడా విరగలేదు. నేను తీసేవి 10 నుంచి 25 ఎంఎం షాఫ్టుల మీద రింగులు, ఎక్కువగా చిన్న మోటార్లు, ప్రింటర్లు. అంతకంటే పెద్దవాటికి వాడను. నెలకి మూడు నాలుగు సార్లు వాడేవాళ్లకి రెండు ప్లయర్లు కొనమనడం ఎందుకు?

లేత్‌రూమ్
టూల్‌పెట్టె చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ "25 దాటితే వాడను" అన్న ఆ ఒక్క మాటలోనే సమాధానం ఉంది. చిన్న రింగులు మెత్తగా వస్తాయి. 40 దాటినవి అలా రావు.

నేను వర్క్‌షాపులో ఉంటా, రోజుకి పది పదిహేను సర్క్లిప్పులు తీస్తా. టిప్పుల గురించి కాస్త వివరంగా రాస్తా, ఇది తెలిస్తే ఏ బ్రాండ్ అయినా మీరే తూకం వేసుకోగలరు. ఫిక్స్‌డ్ టిప్పుల ప్లయర్లు రెండు రకాలు వస్తాయి. ఒకటి, దవడ కొసనే సన్నగా చెక్కేసి టిప్పుగా మలిచినవి, అంటే దవడా టిప్పూ ఒకే ఉక్కు ముక్క. రెండోది, దవడకి రంధ్రం చేసి అందులో స్ప్రింగ్ స్టీలు తీగ ముక్కని బిగించినవి. మొదటి రకంలో లావుగా ఉన్న దవడ ఒక్కసారిగా సన్నటి టిప్పుగా మారే చోట ఒక మెట్టు ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ మెట్టు దగ్గరే చేరుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. నూనెచేతులు గారూ మీ విరిగిన టిప్పు ఒకసారి చూడండి, మొదట్లోనే తెగి ఉంటుంది. రెండో రకంలో ఆ తీగ దవడ లోపలికి చాలా దూరం దిగి ఉంటుంది, పైగా లాగి చేసిన తీగ కాబట్టి వంగినా మళ్లీ వెనక్కి వస్తుంది. క్నిపెక్స్ వాళ్లు రెండు రకాలూ చేస్తారు, 44, 46 సిరీస్ దవడలోనే చెక్కినవి, 48, 49 సిరీస్ తీగ బిగించినవి. నిరంతరం వాడితే తీగ టిప్పులు పదింతల దాకా ఎక్కువ మన్నుతాయని వాళ్లే చెప్తారు. పదింతలో కాదో నేను లెక్కపెట్టలేదు గానీ నా 49 సిరీస్ ప్లయర్‌కి ఆరేళ్లుగా టిప్పు చెక్కుచెదరలేదు.

అంత ఖరీదైనదే కొనమని కాదు. ఈ తీగ టిప్పులవి వేరే కంపెనీలు కూడా చేస్తాయి, దవడ కొసన చూస్తే ఉక్కు రంగు తేడాగా గుండ్రటి పిన్ను దిగినట్టు కనపడుతుంది, దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు.

ఇంకోటి, కొనేముందు ప్లయర్ మూసి రెండు హ్యాండిళ్లనీ వ్యతిరేక దిక్కుల్లో మెలిపెట్టి చూడండి. పివట్ దగ్గర టిక్ టిక్ మని కదిలిందా, అక్కడే పెట్టేసి వచ్చేయండి. కొత్తదానికే లూజుంటే ఏడాదికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేకు మడిచి చేసిన దవడలు కూడా వద్దు, ఫోర్జింగ్ చేసినవి, అంటే ఉక్కుని కాల్చి కొట్టి మలిచినవి చూసుకోండి.

నూనెచేతులు
లేత్‌రూమ్ గారూ అచ్చం మీరు చెప్పినట్టే ఉంది! టిప్పు మొదట్లోనే తెగింది, లోపల బూడిద రంగులో ఇసుకలా గరుకుగా ఉంది. సైజు కొలిచా. బేరింగ్ మీద 6204 అని ఉంది, బోరు (బేరింగ్ కూర్చునే రంధ్రం) 47 ఎంఎం. సర్క్లిప్ చెవుల్లో రంధ్రం వెర్నియర్ వెనక వైపు పెట్టి చూస్తే 2.5 వచ్చింది. విరిగిన టిప్పు 1.6 ఎంఎం.

బేరింగ్‌బాబాయ్
అదీ సంగతి. దొంగ దొరికాడు.

2.5 రంధ్రంలో 1.6 టిప్పు పెట్టావు. మొత్తం మీద దాదాపు ఒక ఎంఎం ఖాళీ, టిప్పు నిటారుగా నిలబడదు, వాలిపోతుంది, వాలగానే కొసన ఒక్క చుక్క మీదే బరువంతా పడుతుంది. ప్లయర్ ఎంత మంచిదైనా ఇలా వాడితే విరుగుతుంది. రంధ్రంలో పట్టేవాటిలో అన్నిటికంటే లావు టిప్పు వాడాలి, ఇది ఒక్కటి పట్టుకుంటే సగం గొడవలు ఉండవు.

లోపలి సర్క్లిప్పులు డిన్ 472 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం వస్తాయి, బయటివి డిన్ 471. మంచి ప్లయర్లన్నీ ఆ సైజులకి సరిపడేలా నంబర్లు వేసి వస్తాయి. లోపలివాటికి జె1 అంటే 12 నుంచి 25 ఎంఎం బోరు, టిప్పు 1.3. జె2 అంటే 19 నుంచి 60, టిప్పు 1.8. జె3 అంటే 40 నుంచి 100, టిప్పు 2.3. బయటివాటికి జె బదులు ఎ అని ఉంటుంది, ఎ1 మాత్రం 10 నుంచి 25, మిగతా రెండూ అవే లెక్కలు. ఇప్పుడు నీ 47 ఎంఎం చూడు, జె2 లోనూ పడుతుంది, జె3 లోనూ పడుతుంది. చాలామంది ఇక్కడే జె2 కొనేసి ఊరుకుంటారు, రెండింటికీ వస్తుంది కదా అని. నువ్వు జె3 తీసుకో. 2.3 టిప్పు 2.5 రంధ్రంలో పుల్ల దిగినట్టు దిగుతుంది.

టూల్‌పెట్టె
సరే బాబాయ్, 47 కి నేను కూడా నా సెట్ పెట్టను. ఒప్పుకున్నా. కానీ నూనెచేతులు గారూ, ఆ విరిగిన సెట్ పారేయకండి, మిగతా తలకాయలు చిన్న రింగులకి పనికొస్తాయి.

పాతసైకిల్
ముక్కు తిన్నగా ఉన్నది తీసుకోవాలా, వంపుది తీసుకోవాలా? కొట్లో రెండూ చూపించారు, ఏది తీసుకోవాలో తెలీక వచ్చేశా.

లేత్‌రూమ్
చోటుంటే తిన్నగా ఉన్నదే. బలం సూటిగా వెళ్తుంది. 90 డిగ్రీల వంపుది మధ్యలో షాఫ్ట్ అడ్డొచ్చినప్పుడు, లేదా పైనుంచి ప్లయర్ నిలబెట్టడానికి చోటు లేనప్పుడు అవసరం పడుతుంది. వంపుదాంతో గట్టి రింగు తీస్తే దవడలు పక్కకి మెలి తిరుగుతాయి. మొదట తిన్నగా ఉన్నది కొనండి, వంపుది లేక పని ఆగినప్పుడు అదీ కొనండి.

కుట్టుమిషన్‌అక్క
నేను కుట్టుమిషన్లు రిపేరు చేస్తా, మాకు వచ్చేవి చాలామటుకు చెవులు లేని రింగులే. ఇంగ్లిషు ఇ అక్షరంలా ఉండే చిన్న క్లిప్పు, దానికి రంధ్రాలుండవు, షాఫ్ట్ గాడిలోకి పక్కనుంచి దూరుతుంది. మా దగ్గర పని నేర్చుకునే అబ్బాయి వాటిని కూడా సర్క్లిప్ ప్లయర్‌తో తీయబోయి రెండు టిప్పులు వంచేశాడు. ఇ క్లిప్పుకి ప్లయర్ అక్కర్లేదు, చదునైన స్క్రూడ్రైవర్ కొసని షాఫ్ట్‌కీ క్లిప్పుకీ మధ్యన పెట్టి కొంచెం తిప్పితే జారి వస్తుంది. పెట్టేటప్పుడు ముక్కు ప్లయర్‌తో పక్కనుంచి నెడితే చాలు. తీసేటప్పుడు మాత్రం వేలు అడ్డం పెట్టండి, లేకపోతే ఎగిరి ఎక్కడ పడుతుందో వెతుక్కోలేం, చిన్నవి గోరంత కూడా ఉండవు.

గేర్‌బాక్స్‌పిచ్చి
అక్క చెప్పింది కరెక్ట్. నేను ఇంకో రకం కలుపుతా. గేర్‌బాక్సుల్లో గుండ్రటి తీగతో చేసిన రింగులూ, చెవులు లేకుండా కొసలు మాత్రం కొద్దిగా ఏటవాలుగా కోసిన రింగులూ వస్తాయి. వాటికి టిప్పులున్న ప్లయర్ జారిపోతుంది. దవడలు చదునుగా ఉండి వాటిమీద అడ్డగీతలు ఉండే ప్లయర్ వేరే ఉంటుంది, అదే పట్టుకుంటుంది. స్ప్రింగులా రెండు చుట్లు చుట్టుకుని ఉండే రింగయితే ఏ ప్లయర్ వద్దు, కొస దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపి చుట్టూ తిప్పుకుంటూ వస్తే స్క్రూలా విప్పుకుంటుంది. కాబట్టి ప్లయర్ కొనేముందు మీ మిషన్లో ఉన్న రింగు ఏ రకమో చూసుకోండి.

నూనెచేతులు
జె3, తిన్నటి ముక్కుది, తీగ టిప్పులది తెచ్చుకున్నా. కళ్లద్దాలు కూడా తెచ్చా బాబాయ్. టిప్పులు రంధ్రాల్లో చక్కగా కూర్చున్నాయి, తేడా చేతికి తెలిసిపోతోంది. కానీ రింగు ఇంకా రావట్లేదు! గట్టిగా నొక్కితే చెవులు దగ్గరికి వస్తున్నాయి, ఒక పక్క మాత్రం గాడిలోనే ఉండిపోతోంది. ఇంకా బలం పెట్టొచ్చా? కొత్త టిప్పు విరగ్గొట్టుకోవాలని లేదు.

బేరింగ్‌బాబాయ్
ఆగు ఆగు, బలం పెట్టకు. రింగు రాకపోతే అది ప్లయర్ పని కాదు. రెండు కారణాలుంటాయి. ఒకటి తుప్పు, గాడిలో రింగు అంటుకుపోయి ఉంటుంది. రెండోది, వెనకనుంచి బేరింగ్ రింగుని గాడి గోడకి నెట్టి పట్టి ఉంచుతుంది.

ముందు గాడి చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న ఒక పుల్లతోనో సన్న సూదితోనో గాడిలో, చెవుల రంధ్రాల్లో పేరుకున్న చెత్త గీకెయ్. రంధ్రం అడుగున మట్టి ఉంటే టిప్పు పూర్తిగా దిగదు, సగం దిగిన టిప్పే జారేది. తర్వాత బేరింగ్ బయటి రేసు (బయటి ఉక్కు వలయం) మీద ఇత్తడి రాడ్డు పెట్టి సుత్తితో చుట్టూ నాలుగు చోట్ల మెల్లగా ఒక్కో దెబ్బ వెయ్, లోపలికి ఒక వెంట్రుక మందం కదిలినా చాలు, రింగు మీద ఒత్తిడి తగ్గుతుంది. రింగు మీదే కూడా ఒకటి రెండు చిన్న దెబ్బలు వెయ్, అంటుకున్న తుప్పు విడుతుంది. అప్పుడు ప్లయర్ పెట్టి, నొక్కి పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా తిప్పు. గాడిలో రింగు తిరిగిందంటే ఇక వచ్చేసినట్టే.

గేర్‌బాక్స్‌పిచ్చి
తీసే ముందు చెవి రంధ్రంలోంచి ఒక దారం కట్టు అన్నా. ప్లయర్ టిప్పుకి అడ్డం రాకుండా సన్నది. నాకు ఒకసారి 60 ఎంఎం రింగు జారి ఎగిరి బల్లకి అవతల ఉన్న ట్యూబ్‌లైటు పగలగొట్టింది, అప్పటినుంచి దారం కట్టకుండా ముట్టుకోను, దారం కుదరని చోట తడిగుడ్డ కప్పుతా.

లేత్‌రూమ్
బయటి రింగుల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది, అందరూ వదిలేస్తారు. ఎక్కువ విప్పకూడదు. 20 ఎంఎం షాఫ్ట్ సర్క్లిప్ తీసుకోండి, గాడి లోతు దగ్గర షాఫ్ట్ 19, రింగు విడిగా ఉన్నప్పుడు లోపలి వ్యాసం 18.5. అంటే గాడిలో కూర్చున్నాక కూడా అర ఎంఎం బిగువు దాచుకుని పట్టుకుంటుంది. దాన్ని 20 దాటేంత మాత్రమే, షాఫ్ట్ మీద జారేంత మాత్రమే విప్పాలి. చేతిలో మంచి ప్లయర్ ఉంది కదా అని 22, 23 దాకా విప్పితే ఆ బిగువు పోతుంది, చూడ్డానికి రింగు బాగానే ఉంటుంది, గాడిలో మాత్రం వదులుగా కూర్చుంటుంది, నడుస్తూ నడుస్తూ ఒకరోజు బయటికొస్తుంది. అందుకే మంచి బయటి ప్లయర్లు కొన్నిటికి హ్యాండిళ్ల మధ్య ఒక స్టాపర్ స్క్రూ ఇస్తారు, ఎంతవరకు విచ్చుకోవాలో ముందే బిగించుకోవచ్చు. ఒకే సైజు రింగులు వరసగా వేసేవాళ్లు ఆ స్క్రూ ఉన్నదే కొనుక్కోండి.

పాతసైకిల్
విరిగిన టిప్పుని ఇంట్లో బాగుచేసుకోవడం కుదురుతుందా? డ్రిల్ బిట్టు ముక్క వెల్డింగ్ చేసి వాడుతున్నవాళ్లని చూశా.

లేత్‌రూమ్
వెల్డింగ్ వద్దు. వేడికి దవడ గట్టిదనమూ పోతుంది, ఆ ముక్క గట్టిదనమూ పోతుంది, మెత్తబడి మళ్లీ వంగుతుంది, లేదా అతుకు పక్కన పెళుసుబారి విరుగుతుంది. డ్రిల్ బిట్టు మెలికలున్న భాగం గట్టిదే గానీ పెళుసు, పక్కబలం తగిలితే గాజులా పోతుంది. చెయ్యాలంటే దవడ కొసన రంధ్రం వేసి, పియానో తీగ అంటారే, ఆ స్ప్రింగ్ తీగ ముక్కని బిగుతుగా దిగ్గొట్టాలి, వేడి తగలకుండా. నేను రెండు ప్లయర్లకి చేశా, పనిచేస్తున్నాయి. కానీ దవడ గట్టిగా ఉంటే మామూలు బిట్టుతో రంధ్రం పడదు. కొద్దిగా మొద్దుబారిన టిప్పయితే ఆకురాయితో కొసని చదును చేసుకోవచ్చు, సన్నం మాత్రం చెయ్యొద్దు.

నూనెచేతులు
వచ్చేసింది!! రాత్రి నూనె కొట్టి వదిలేశా, పొద్దున్న చెవుల రంధ్రాలు గీకితే ఒకదాంట్లోంచి గట్టిపడిన గ్రీజు మాత్రలాగా ఊడొచ్చింది, అందుకే టిప్పు అటువైపు సగమే దిగుతోంది అన్నమాట. ఇత్తడి రాడ్డుతో నాలుగు దెబ్బలు, రింగు మీద రెండు, ప్లయర్ పెట్టి తిప్పితే మొదట గరగరమంది, తర్వాత తిరిగింది, ఒక పక్క లేపగానే దారంతో సహా చేతిలోకి వచ్చింది. టిప్పులు చూశా, గీత కూడా పడలేదు.

ఒక ప్రశ్న. పాత రింగు వెయ్యొచ్చా? ఇంకా, ఒక వైపు అంచు నున్నగా ఉంది, రెండో వైపు చేతికి గుచ్చుకునేలా పదునుగా ఉంది, ఏది ఎటు ఉండాలి?

బేరింగ్‌బాబాయ్
రింగుని రేకులోంచి పంచ్ కొట్టి తీస్తారు, అందుకే ఒక అంచు నున్నగా, ఒక అంచు పదునుగా వస్తుంది. నున్నటి వైపు బేరింగ్‌కి ఆనాలి, పదునైన వైపు బయటికి, గాడి గోడకి ఆనాలి. తిరగేసి వేస్తే ఆ నున్నటి అంచు గాడి గోడ మీద జారి రింగు పైకెక్కే ప్రమాదం ఉంది.

పాతది తుప్పు పట్టి గుంటలు పడితే వెయ్యకు. చెవులు కొద్దిగా మెలితిరిగి రింగు బల్ల మీద చదునుగా పడుకోకపోయినా వెయ్యకు. కొత్త రింగు ఖర్చు ఎంతని, ఆ బేరింగ్ ముందు.

నూనెచేతులు
పాతది బల్ల మీద పెట్టి చూశా, ఒక చెవి కింద గోరు దూరుతోంది. కొత్తదే తెచ్చి వేశా, పదునైన వైపు బయటికి. గాడిలో కూర్చున్నప్పుడు టక్కుమని వినపడింది, స్క్రూడ్రైవర్‌తో చుట్టూ తిప్పి చూశా, సులువుగా తిరుగుతోంది. మోటారు ఇప్పుడే నీళ్లెత్తుతోంది, చప్పుడు లేదు. ఇక ఎ2 ఒకటి కొనాలి, బైక్ కౌంటర్ షాఫ్ట్ మీద 25 ఎంఎం రింగుంది, ఈసారి రంధ్రం కొలిచాకే వెళ్తా.